ఊరికే కూర్చున్న గంట

పొద్దున ఎనిమిదీ యాభైకి సెన్సార్ల ల్యాబ్‌లో లిఫ్టు తలుపు తెరుచుకుంది. లోపల ముసలి టెక్నీషియన్ గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మెడచుట్టూ నారింజరంగు రిబ్బన్‌లాంటి పల్చటి కేబుల్ బిగించి ఉంది. ముప్ఫయ్యేళ్ళు అలాంటి కేబుళ్ళకే సెన్సార్లు అతికించిన మనిషి. దాంతోనే చంపారు. హంతకులకి కూడా ఈమధ్య హాస్యం ఎక్కువైంది.

తొమ్మిదిన్నరకి పట్టకారు చీఫ్ గదిలో నిలబడి ఉన్నాడు. కుర్చీ ఉంది. కూర్చోమని ఎవరూ అనలేదు.

పట్టకారు అన్నది గూఢచారి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు. ఏడో తరగతితో బడి మానేసి, పగిలిన సెల్‌ఫోన్ స్క్రీన్లు మార్చే కొట్టులో పద్దెనిమిదేళ్ళు పనిచేశాడు. చెయ్యి వణకదని ఏరికోరి తెచ్చుకున్నారు. తెచ్చుకున్న రోజునుంచీ చదువు లేదని దెప్పుతున్నారు.

"విను. రెండోసారి చెప్పను," అన్నాడు చీఫ్. "మన కొత్త సబ్‌మెరైన్ పొద్దున ఆరింటికి నీళ్ళలోకి దిగింది. సీక్రెట్ ట్రయల్. ముప్ఫై ఒక్కమంది ఉన్నారు. సరిగ్గా పన్నెండింటికి ఒక్క నిమిషం ఆగి ఒడ్డునుంచి మాట వింటుంది. వినపడకపోతే ఇంకా లోతుకి దిగుతుంది."

"వినపడకపోతే పైకి రావాలి కద సార్?"

"రూలు రాసింది నేను కాదు. గవర్నమెంటులో మౌనమంటే సరేనని."

చీఫ్ ఫైలు మూశాడు. "ముసలాయన ఎనిమిదింటికి ఫోన్ చేశాడు. పడవలో లోతు చెప్పే సెన్సార్ల అతుకులు ఊడిపోతాయి, వెనక్కి పిలవండి, ఎవరు చేశారో వచ్చి చెప్తా అన్నాడు. రాలేదు."

"మరి పిలవండి."

"పిలిచే సౌండర్ ఇవాళే చచ్చింది. నీళ్ళలోకి మాట పంపే సెన్సార్ అది. దాని కేబుల్ అతుకూ ఊడింది. ల్యాబ్‌లో కొత్తది అతికించి, కింద జెట్టీలో దింపాలి. పన్నెండులోపు. అన్నట్టు, పడవలో వంటవాడు మీ బావమరిదటగా?"

"మా ఆవిడకి ఒక్కడే తమ్ముడు సార్. నాకు ఒక్కడే శత్రువు."

నాలుగేళ్ళుగా మాటల్లేవు. పదిమందిలో 'మా బావ గాజుముక్కలు అతికే బాపతు' అన్నాడు వాడు. అయినా, వాడు తిరిగి రాకపోతే, రాలేదని ఇంట్లో ఆవిడకి చెప్పాల్సింది పట్టకారే.

"ల్యాబ్‌లో మన మనిషి ఉంది. కోడ్ నేమ్ నెమలి," అన్నాడు చీఫ్. "విదేశీ ముఠా ఆవిణ్ణి బాండింగ్ స్పెషలిస్ట్‌గా, అంటే అతుకుల నిపుణురాలిగా పంపింది. కానీ పనిచేసేది మనకే. డబుల్ ఏజెంట్."

"మనకేనని ఎలా తెలుసు సార్?"

"ఆవిడే చెప్పింది."

చీఫ్ ఒక పెన్ను ఇచ్చాడు. నొక్కితే మత్తు సూది వస్తుందట. "మూత జాగ్రత్త. కిందటిసారి పోగొట్టిన మూతకి నీ సంజాయిషీ ఇంకా రాలేదు."

పదీ పదికి, హంతకుడు జాగ్రత్తపడకుండా, ఏసీ మెకానిక్ వేషంలో ల్యాబ్‌కి వెళ్ళాడు. గాలి ఊదే గదిలో దుమ్ము దులిపారు. తెల్ల సూటు, టోపీ, మాస్కు, గ్లవుజులు. లోపలంతా పసుపు దీపాలు. పౌడర్లు, సెంట్లు నిషేధమని గోడమీద పెద్ద బోర్డు. ఒక్క పౌడర్ రేణువు చాలు, అతుకు పాడవడానికి.

నెమలి సెంటు వాసన మూడు తలుపుల అవతలికే వచ్చింది. మాస్కు గడ్డం కిందికి దింపుకుంది. పెదాలకి ఎర్రరంగు. ల్యాబ్ అధిపతి పెద్దసారు సరిగ్గా ఆ బోర్డుకి వీపు పెట్టి, ఆవిడ వంక చూస్తూ నిలబడ్డాడు.

"ఏసీ చప్పుడు చేస్తోందట మేడమ్?" అన్నాడు పట్టకారు.

"చప్పుడు కాదు. చలి ఎక్కువైంది." కోడ్ కలిసింది. ఆవిడ గొంతు తగ్గించింది. "హంతకుడు పెద్దసారే. ముసలాయనంటే పడదు. కావాలంటే చూసుకో."

చూశాడు. ముసలాయన బల్ల మీది బోర్డుకి పెద్దసారు ఇచ్చిన మెమోలు గుచ్చి ఉన్నాయి. పదకొండు.

"వాడా?" అన్నాడు పెద్దసారు, అడగకుండానే. "పొద్దున్నే ఫ్రీజర్లోంచి జిగురు ప్యాకెట్ తీసి, ముందు పెట్టుకుని గంటసేపు ఊరికే కూర్చునేవాడు. జీతం ఇచ్చేది బొమ్మలా కూర్చోడానికా? పోయాడు, పీడా పోయింది. ఈవిణ్ణి చూడు, గంటకి ఆరు అతుకులు! పడవ సెన్సార్లన్నీ ఈవిడ చేతివే."

"సౌండర్ కేబుల్ కూడా నేనే అతికిస్తా," అంది నెమలి. కుర్చీలో కూర్చుని కుడి మణికట్టుకి బ్యాండ్ తగిలించుకుంది. దాన్నుంచి మెలికల తీగ ఒకటి బల్లకి బిగించి ఉంది. ఒంట్లోని కరెంటు సెన్సార్‌ని కాల్చెయ్యకుండా అది భూమిలోకి లాగేస్తుంది. "ఇది జిగురు టేపు మెకానిక్ గారూ. లోపల కంటికి కనపడని లోహపు గుళ్ళు. సెన్సార్‌కీ కేబుల్‌కీ మధ్య పెట్టి వేడిగా నొక్కితే, అరవై నాలుగు తీగలూ ఒక్కసారే కలుస్తాయి. మీకు అర్థం కాదులెండి."

ఫ్రీజర్ తెరిచింది. ప్యాకెట్ తీసింది. తీసింది తీసినట్టే చింపింది.

చిరిగిన అంచునుంచి సన్నటి పొగ లేచింది. టేపు మీద మంచు చుక్కలు మెరిశాయి.

పట్టకారు ఎడమ చెంప చురుక్కుమంది. ఇరవయ్యేళ్ళ కిందటి దెబ్బ. కొట్టులో కొత్తగా చేరినప్పుడు చల్లటి ప్యాకెట్ ఇలాగే చింపాడు. మేస్త్రి లాగి కొట్టాడు. 'చల్లటి గ్లాసుకి చెమట పడుతుందా లేదా? జిగురుకీ పడుతుంది. చెమట పట్టిన అతుకు ఇవాళ పలుకుతుంది, రేపు చస్తుంది. గంట ఆగు. గది వేడికి వచ్చాక చింపు.'

ముసలాయన ఊరికే కూర్చోలేదు. పని చేస్తున్నాడు.

"మేడమ్, ఈ పనిలో ఎన్నేళ్ళు?"

"పదకొండు."

"పదకొండేళ్ళలో మిమ్మల్ని ఒక్కరూ చెంపదెబ్బ కొట్టలేదా?"

నెమలి తలెత్తింది. చూపు మారింది. కుడిచెయ్యి సొరుగులోకి వెళ్ళి చిన్న పిస్టల్‌తో పైకి లేచింది. పట్టకారు పెన్ను నొక్కాడు. సిరా వచ్చింది. పెన్ను పారేసి, బల్లమీది మెలికల తీగ పట్టుకుని ఒక్క గుంజు గుంజాడు. మణికట్టు పక్కకి తిరిగింది. గుండు వెళ్ళి మెమోల్లో దిగింది. పెద్దసారు అప్పటికే బల్లకింద ఉన్నాడు, అంత చదువూ చేతబట్టుకుని.

అదే తీగతో ఆవిణ్ణి కుర్చీకి కట్టేశాడు.

"ముసలాయన్ని నువ్వేనా?"

"చచ్చిన సౌండర్ చూడగానే కనిపెట్టేశాడు, పాపం," అంది. "ఇప్పుడు నువ్వేం చేస్తావ్? జిగురు లేదు, టైమూ లేదు."

పదీ నలభై ఆరు. ఫ్రీజర్లో ఇంకొక్క ప్యాకెట్టే ఉంది. పట్టకారు దాన్ని తీసి బల్లమీద పెట్టాడు. ముసలాయన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

పదకొండింటికి చీఫ్ ఊడిపడ్డాడు. "ఏమోయ్! ఇంకా అతికించలేదా?"

"పదకొండూ నలభై ఆరుకి చింపుతా సార్."

"అక్కడ ముప్ఫై ఒక్క ప్రాణాలు! నువ్వు నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నావా?"

"అవును సార్."

పెద్దసారు బల్లకింద నుంచి వచ్చాడు. "నేను చెప్పలా? ఈ జాతంతా ఇంతే. చదువుకోనివాడి చేతిలో పెడితే—"

"పడవలో ఉన్న బావమరిదంటే వీడికి పడదని మీ డిపార్ట్‌మెంటంతా అంటుందిగా," అంది నెమలి తీయగా. "పోతే పోనీ అని కూర్చున్నాడేమో కనుక్కోండి."

ఆ మాట తగిలింది. పోయిన వేసవిలో అన్నం ముందు కూర్చుని, భార్య వింటుండగా, 'వాడు మునిగిపోతే బాగుణ్ణు' అన్నాడు పట్టకారు. ఆవిడ కంచం తీసుకుని లేచి వెళ్ళిపోయింది. అతను ప్యాకెట్ మీదనుంచి చూపు తిప్పలేదు.

పదకొండున్నర.

"నా బ్యాగులో హెయిర్ డ్రయర్ ఉంది. కావాలా?" అంది నెమలి.

"ఇటివ్వు!" చీఫ్ ఎగిరాడు.

"వేడి పెడితే జిగురు ఇక్కడే గట్టిపడిపోతుంది సార్. ఆవిడకి తెలుసు. అందుకే ఇస్తోంది."

చీఫ్ పిస్టల్ తీసి పట్టకారు కణతకి ఆనించాడు. "చింపు."

"కాల్చండి. తర్వాత ఎవరు అతికిస్తారు? పెద్దసారా?"

పెద్దసారు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. చీఫ్ పిస్టల్ దించాడు.

పదకొండూ నలభై ఆరు. చింపాడు. పొగ లేదు. టేపు పొడిగా ఉంది. మైక్రోస్కోప్ కింద కేబుల్ తీగల్ని సెన్సార్ గీతల మీదికి జరిపాడు, వెంట్రుకలో సగం చొప్పున. ఊపిరి బిగబట్టి మెషిన్ నొక్కాడు. పదిహేను సెకన్లు. టెస్ట్ బోర్డు మీద పచ్చదీపాలు వెలిగాయి. అరవై నాలుగూ.

మెట్లు దిగి పరిగెత్తాడు. యాభై ఏడుకి జెట్టీ. యాభై తొమ్మిదికి సౌండర్ మూత బిగించి నీళ్ళలోకి వదిలారు. పన్నెండు కొడుతుండగా ఆపరేటర్ మైకులో అరిచాడు: "ట్రయల్ రద్దు! పైకి రండి!"

జవాబు లేదు. ఇరవై సెకన్లు. నలభై. యాభై.

స్పీకర్ గరగరలాడింది. "వస్తున్నాం."

పైకి వచ్చాక తెలిసింది. నూట తొంభై మీటర్ల దగ్గర ఉన్నప్పుడు మీటరు అరవై అని చూపించిందట. ఇంకొంచెం దిగి ఉంటే పడవ కాగితపు పొట్లంలా నలిగేది.

జెట్టీ మీద బావమరిది ఎదురుపడ్డాడు, ఒళ్ళంతా చెమట. "నువ్వు అతికావటగా బావా? నిలబడిందే! ఆశ్చర్యం."

"నీ వంట తిని ముప్ఫై మంది బతికే ఉన్నారుగా. అంతకంటేనా?" అన్నాడు పట్టకారు. నాలుగేళ్ళ తర్వాత ఇద్దరూ మాట్లాడుకున్నది అంతే. భార్యకి ఫోన్ చేసి, "మీ తమ్ముడు వచ్చాడు. భోజనానికి మాత్రం పిలవకు," అన్నాడు.

మర్నాడు ఆఫీసునుంచి కవరు వచ్చింది. పతకం అనుకోలేదు, అంత పిచ్చివాడు కాదు. 'అత్యవసర విధుల్లో ఒక గంటసేపు ఊరికే కూర్చున్నందుకును, ప్రభుత్వపు పెన్ను మూత పోగొట్టినందుకును మూడురోజుల్లో సంజాయిషీ ఇవ్వవలెను.'

పట్టకారు కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని చింపబోయి, ఆగాడు. బల్లమీద పెట్టి, దానికెదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

సరిగ్గా గంట తర్వాత చింపాడు.