ఎడమ కన్ను రంగు

"కళ్ళజోడు తియ్యండి."

"ముందు మీ దగ్గరున్నవి చూపించండి. అందులో ఒకటి తీసుకుని వెళ్ళిపోతాను."

"డబ్బాలోంచి ఏరుకోడానికి ఇవేమైనా చొక్కా గుండీలా? కళ్ళండీ!"

మా పరిచయం ఇలా పోట్లాటతో మొదలైంది. ఆమె పెట్టుడు కళ్ళు చేస్తుంది. రెండో అంతస్తులో ఇరుకు గది, కిటికీ పక్కన బల్ల, దాని మీద రంగు సీసాలు, వెంట్రుకంత సన్నటి కుంచెలు. ఆమె ఒంటి మీద మాత్రం రంగనేది లేదు. పైనుంచి కిందిదాకా బూడిద రంగు బట్టలే.

నేను పెద్ద బట్టల షాపులో డిస్‌ప్లే వాణ్ణి. అద్దాల వెనక నిలబడే బొమ్మలకు బట్టలు తొడగడం నా పని. ఒకరోజు కోటొకటి గాల్లో తేలుతున్నట్టు కట్టబోతే, బిగించిన తీగ తెగి కుడికంట్లో కొట్టింది. చూపు పోయింది, కన్ను తీసేయాలన్నారు. చూడకపోతేనేం, నాదేగా అని చాలా రోజులు మొండికేశాను. చివరికి తీయించుకోక తప్పలేదు.

ఆ తర్వాత మేనేజరు నన్ను గోడౌన్‌కి మార్చాడు. "కస్టమర్లు ఇబ్బంది పడతారయ్యా" అన్నాడు, నా చెవి వైపు చూస్తూ. అప్పటికే అందరూ నా చెవితోనే మాట్లాడుతున్నారు. పూటకో చొక్కా మార్చేవాణ్ణి, నల్లచొక్కాలకీ నల్లకళ్ళజోడుకీ దిగిపోయాను.

"తియ్యరా, ఆవిడేం నిన్ను కొరుక్కు తినదు" అంది పక్కనే కూర్చున్న అక్క. అక్క స్కూల్లో లెక్కల టీచరు. అమ్మానాన్నా పోయాక నన్ను పెంచింది ఆవిడే. ఇంట్లో కూడా బెత్తం ఉన్నట్టే మాట్లాడుతుంది.

తీశాను. ఆ పిల్ల అయ్యో అనలేదు, మొహం తిప్పుకోలేదు. కుర్చీ ముందుకు లాక్కుని నా ఎడమకంట్లోకి చూసింది. ఎంతసేపు చూసిందో! ఇన్ని నెలల్లో నా మొహంలోకి నేరుగా చూసిన మొదటి మనిషి ఆమే.

"ఉత్త గోధుమ రంగనుకున్నాను. అంచున ఏదో ఆకుపచ్చ ఉంది. ఈ ట్యూబ్‌లైట్‌లో తేలదు. మీరు నాతో బయటికి రావాలి."

"ఎక్కడికి?"

"ఎండలోకి, పసుపు దీపాల కిందికి, చీకటి హాల్లోకి. గదిలో కూర్చుని వేసిన కన్ను గదిలోనే బాగుంటుంది. ఇంకోటి, ఈ నల్లచొక్కాతో మాత్రం రావద్దు. నలుపు పక్కన కంటి రంగు చచ్చిపోతుంది. ఇంట్లో వేరే చొక్కాలేం లేవా?"

అక్క పకపకా నవ్వింది. "లేకేం? వీడి సోకులకి బీరువా తలుపు పడదు తల్లీ!"

* * *

మొదటి షికారు బొమ్మల గ్యాలరీకి. పైకప్పు అద్దం, నిండా పగటి వెలుతురు. ముదురు పసుపు చొక్కా వేసుకుని వెళ్ళాను. నేను గోడ మీది సముద్రాన్ని చూస్తుంటే ఆమె నా చెంప పక్కన రంగు చీటీలు పెట్టి నన్ను చూస్తోంది. కాసేపటికి వాచ్‌మన్‌కి ఓపిక నశించింది.

"అమ్మా, బొమ్మలు గోడ మీదున్నాయి."

"నాక్కావలసిన బొమ్మ ఇటుంది లెండి" అంది ఆమె, తల తిప్పకుండా.

వాచ్‌మన్ ముసిముసిగా నవ్వుకుంటూ పోయాడు. నాకు చెవులు కాలిపోయాయి. ఆమెకు మాత్రం తానేమందో తెలిసినట్టే లేదు.

"ఈ మ్యాచింగులన్నీ మీకెవరు నేర్పారు?"

"షాపులో బొమ్మలే. వాటికి మొహాలుండవు. అందుకని బట్టలే మాట్లాడాలి."

"మీకుందిగా మొహం."

"సగం."

"ఆ సగమే చూళ్ళేక చస్తున్నా. కదలకండి."

ఆ తర్వాత వయొలిన్ కచేరీకి వెళ్ళాం, పాత పుస్తకాల ప్రదర్శనకి వెళ్ళాం. ప్రతిసారీ చివర్లో నిట్టూర్చేది. "ఊహూఁ, కుదరలేదు. ఇంకోసారి వెళ్ళాలి."

కుదరకపోతే నాకేం నష్టం? బీరువాలోంచి ఒక్కొక్కటే బయటికొచ్చాయి. గళ్ళ కోటు, నీలం మఫ్లరు, అక్క ఎప్పుడూ వెక్కిరించే ఎర్ర బూట్లు. అద్దం ముందు మళ్ళీ ఈల వేస్తున్నానని అక్కే చెప్పింది.

టికెట్ల క్యూలో ఒకరోజు వాన పట్టుకుంది. ఒకే గొడుగు, నాలుగు భుజాలు. అక్కడే 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది.

"ఇన్ని రంగులు తెలిసినదానివి, ఎప్పుడూ ఈ బూడిద రంగేంటి? బూడిదలో పొర్లాడి వచ్చినట్టు!"

"నా బట్టల రంగు నీ మొహం మీద పడితే కన్ను తప్పుగా కనిపిస్తుంది. ఇది నా యూనిఫాం. సోకు నీకు, బూడిద నాకు."

"మరి పని లేని రోజు?"

"చూద్దాం" అంది. గొడుగు నా వైపు వంచి తను తడిసింది.

ఆమెకు చెప్పనిది ఒకటుంది. ఆ రోజుల్లోనే బస్సుల మీది నంబర్లు నాకు అలుక్కుపోయినట్టు కనిపించేవి. ఎండలోకి వస్తే కంట్లో సూది గుచ్చినట్టుండేది. కన్ను నులుముకుంటున్నావేమని ఆమె అడిగితే దుమ్మన్నాను, నిద్ర చాలలేదన్నాను. నిజానికి అది భయం. ఉన్న ఒక్కదానికీ ఏమైనా అవుతుందన్న ఊహనే దగ్గరికి రానివ్వలేదు. డాక్టరు చెకప్‌కి రమ్మన్న రోజే ఫోటోల ఎగ్జిబిషన్ ఆఖరిరోజు కూడా. నేను ఎగ్జిబిషన్‌కే వెళ్ళాను.

* * *

నాటకం రోజున ఆమె ఎర్రగౌనులో వచ్చింది.

మెరూన్ వెల్వెట్ కోటు వేసుకుని నేనేదో పొడిచేశాననుకున్నాను, ఆ గౌను ముందు నా కోటు దిష్టిబొమ్మకు తొడిగినట్టుంది. నాటకంలో ఎవరు ఎవర్ని చంపారో నాకిప్పటికీ తెలియదు. ఇంటర్వెల్‌లో లాబీలోకి వచ్చాం. నెత్తి మీద పెద్ద పెద్ద దీపాలు. ఏదో జోకు వేసి ఆమె వైపు తిరిగాను. ఆమె నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. నా గడ్డం పట్టుకుని మొహాన్ని దీపం వైపు తిప్పింది. చూస్తూనే ఉంది. మొహం ఇంకా దగ్గరికి తెచ్చింది.

ఇంకేముంది, ఇదే అది అనుకున్నాను.

"నాకూ అంతే" అన్నాను. "నువ్వంటే ఇష్టం. ఈ కన్ను ఎప్పటికీ కుదరకపోతే బాగుండునని..."

"ఎప్పట్నుంచి మసగ్గా ఉంది?"

"ఏంటి?"

"కంటిపాప గుండ్రంగా లేదు. ఒక పక్కకి పీక్కుపోయింది. చుట్టూ ఎర్రజీర. వెలుతురు గుచ్చుకుంటోందా? నిజం చెప్పు."

చుట్టుపక్కల ఇద్దరు ముగ్గురు తిరిగి చూశారు. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. "నేనేం చెప్తున్నాను, నువ్వేం అడుగుతున్నావు? ఇన్నాళ్ళూ నువ్వు చూసింది ఇదేనా? నీకు నేనొక నమూనా, అంతేగా!"

"అంతే అనుకో. ముందు హాస్పిటల్‌కి పద."

"నీ పనైపోయింది. ఇంక నన్ను చూడక్కర్లేదు."

విసవిసా బయటికి నడిచాను. వాన పడుతోంది. మెట్టు కనపడక మోకాళ్ళ మీద పడ్డాను. తలెత్తి చూస్తే వీధిదీపాలన్నిటి చుట్టూ రంగురంగుల వలయాలు. ఆమె చెప్పింది నిజమేనని ఆ నీళ్ళలో కూర్చునే తెలుసుకున్నాను.

ఇంటికెళ్ళేసరికి అక్క చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పిల్ల అప్పటికే ఫోన్ చేసేసింది.

"బూట్లు విప్పకు. టాక్సీ బయటే ఉంది" అంది అక్క.

డాక్టరమ్మ చాలాసేపు పరీక్ష చేసింది. "దెబ్బతిన్న కన్ను ఎక్కువ కాలం ఉంచేస్తే ఒక్కోసారి రెండో కన్ను కూడా జబ్బు పడుతుంది. అరుదే, కానీ ఉంది. మందులు ఈ రాత్రే మొదలుపెడదాం."

"చూపు నూటికెంత మిగులుతుంది?" అంది అక్క.

"లెక్క అడక్కండమ్మా" అంది డాక్టరమ్మ.

అక్క నా ముందు ఏడవలేదు. వరండాలో గోడ వైపు తిరిగి నిలబడింది.

* * *

ఇంజెక్షన్లు, చుక్కలు, తెరలు దించిన గది. అన్నీ అయ్యాక నాకు మిగిలింది పొగమంచు. రంగులున్నాయి, అంచులు లేవు. అక్క గుమ్మంలో నిలబడితే చీర రంగు తెలిసేది, మొహం తెలిసేది కాదు. షాపు వాళ్ళు ఫోన్ చేసి బాగా రెస్ట్ తీసుకోమన్నారు. ఆ మాటకి అర్థం వాళ్ళకీ తెలుసు, నాకూ తెలుసు.

ఆమె రోజూ ఫోన్ చేసేది. అక్కే మాట్లాడేది.

"ఆ పిల్ల చూడబట్టి ఆ మాత్రమైనా మిగిలింది. నువ్వేమో మొహం మాడ్చుకు కూర్చున్నావు. ఉన్నమాటంటే ఉలుకెక్కువని ఊరికే అన్నారా?"

"కన్నుని చూసిందక్కా. నన్ను చూళ్ళేదు."

గుడ్డివాణ్ణయిపోతానన్న భయం ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. ఒక్క మనిషైనా నా గాయాన్ని దాటి నన్ను చూసిందనుకున్నాను. దాన్ని పట్టుకునే మళ్ళీ మనిషినయ్యాను. అదీ భ్రమేనంటే ఇంక లేచి తిరగడానికి నాకు మనసొప్పలేదు.

ఒక మధ్యాహ్నం వానలో ఆమే వచ్చింది. గుమ్మంలో బూడిద రంగు మరక కనిపించింది.

"కన్ను తెచ్చాను. పెట్టనా?"

వద్దనలేదు. అక్క టీ పెడతానని లోపలికి వెళ్ళింది. ఆమె వేళ్ళు చల్లగా రెప్పని తాకాయి. ఏదో నున్నగా లోపల కుదురుకుంది.

"ఎలా ఉంది?" అన్నాను.

"ఇది బాగుంది. పక్కదే మారింది. ఆ ఆకుపచ్చ ఇప్పుడు లేదు. రెండూ కలవట్లేదు."

"అయితే అన్ని షికార్లూ దండగేనన్నమాట."

కుర్చీ లాక్కుని కూర్చుంది. తర్వాత అంది: "ఇది మూడో షికారుకే అయిపోయింది."

"మరి కుదరలేదన్నావు?"

"అబద్ధం. ఆ తర్వాత తిరిగినవన్నీ నా కోసం తిరిగినవే."

గుండె ఎగిరి గంతేసింది. ఆమె గొంతు మాత్రం అలాగే ఉంది, రాయిలా.

"అప్పుడే సంతోషించకు. మొదట్లో నీ కన్ను తప్ప ఏదీ చూళ్ళేదు నేను. తర్వాత కన్ను చూడ్డం మానేశాను. నువ్వెలా నవ్వుతున్నావు, కచేరీకొచ్చిన వాళ్ళ కోట్ల గురించి చెవిలో ఏం చెప్తున్నావు, అదే చూశాను. పనిలా చూసుంటే ఆ జీర నాకెప్పుడో కనపడేది. డాక్టరమ్మనడిగాను. ముందే వచ్చుంటే చాలావరకు మిగిలేదంది. నీ చూపు నా ఎదురుగానే పోయింది. నిన్ను చూస్తూ కూర్చుని దాన్ని చూళ్ళేదు."

నేను కోరుకున్నది అదే. నన్ను చూడాలని. చూసింది. దానికి ఇంత పోయింది. కోపం రాలేదంటే అబద్ధమవుతుంది. వచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు. ఎడమకంట్లో నీళ్ళు తిరిగితే మిగిలిన ఆ కాస్త చూపూ అలుక్కుపోయింది.

"నేనూ దాచాను" అన్నాను. "చెకప్ ఎగ్గొట్టి నీతో ఫోటోలు చూడ్డానికొచ్చాను. నువ్వడిగినప్పుడు దుమ్ము పడిందన్నాను."

"నేను నమ్మకుండా ఉండాల్సింది."

"ఒకళ్ళం దాచాం, ఒకళ్ళం నమ్మాం. ఇద్దరం కలిసే పోగొట్టాం. ఇంక నువ్వొక్కదానివే మొయ్యకు."

ఆమె ఏడుస్తోందని చప్పుడుని బట్టి తెలిసింది.

"ఇలా రా" అన్నాను.

"ఎందుకు?"

"ఇన్నాళ్ళూ నువ్వే చూశావు. నువ్వు చూస్తుంటే తల దించుకోవడంతోనే సరిపోయింది నాకు. ఎక్కడిదాకా వస్తే కనిపిస్తావో చూద్దాం."

కుర్చీ జరిగింది. "ఇక్కడ?"

"ఊహూఁ."

మళ్ళీ జరిగింది. "ఇప్పుడు?"

"ముక్కున్నట్టుంది."

ఏడుపు మధ్యలోనే నవ్వింది. ఇంకా ముందుకొచ్చింది. మా మధ్య జానెడు మిగిలేసరికి మంచులోంచి ఒక కనుబొమ్మ తేలింది, తర్వాత తడిసిన రెప్పలు, కణత మీద చిన్న రంగు మరక. ఆకుపచ్చ.

"ఆగు. కదలకు" అన్నాను.

కప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది.

"ఏంట్రా అది?" అంది అక్క.

"చూస్తున్నానక్కా."

అక్క లోపలికొచ్చి కప్పులు బల్ల మీద పెట్టింది. పోతూ పోతూ ఇద్దరి తలల మీదా చెయ్యేసి నిమిరింది.

"చూసుకోరా, తీరిగ్గా చూసుకో. టీ చల్లారితే మళ్ళీ పెడతాను" అని తలుపు దగ్గరికి వేసి వెళ్ళింది.