ఆకుపచ్చ వైరు

నేను వైరింగ్ చేసిన ప్రతి ఇంట్లో, మెయిన్ బోర్డు మూత లోపల నా పేరు రాస్తాను. మహదేవప్ప, రాయచూరు... కింద రెండు గీతలు. జనం దీన్ని గొప్ప అనుకుంటారు. కాదు, బాధ్యత. రేపు ఎవడైనా మూత తీస్తే, ఇంత మంచి పని ఎవరిదా అని వాడు ఊరంతా వెతుక్కోకూడదు గదా.

ఆ ఇళ్ళన్నిట్లో ఒక్కదానికే చెడ్డపేరు. చంద్రబండ రోడ్డులో, ఊరు దాటినాక ఎడమచేతి పక్క, అంబరీష్ సారు కట్టించిన ఇల్లు. చీకటి పడితే దాని ముందర ఎవరూ బండి ఆపరు. చైన్ ఊడినా సరే, మలుపు దాకా తోసుకుంటూ పోయి అక్కడే కూర్చుని బిగించుకుంటారు.

మొదట చూసింది ప్రాణేశ్. శక్తినగర్‌లో, కరెంటు తయారయ్యే ప్లాంటులో, రెండో షిఫ్టు దిగి ఆ దారినే వస్తాడు.

"మాదేవన్నా, నీ ఇంట్ల ఎవరో తిరుగుతుండరు."

"నా ఇల్లేంది, అంబరీష్ సారుది."

"లోపల పేరు నీదే ఉందంట గదా."

పేరు రాసుకున్నందుకు అదీ మర్యాద.

వాడు చూసింది ఇది. రాత్రి పదిన్నరకు గేటు దీపం వెలిగింది... ఆరింది. పక్కన నల్లా దగ్గరి దీపం వెలిగింది. అక్కడ కొంచెం ఆగింది — ఒక మనిషి కాళ్ళు కడుక్కునేంత సేపు. తర్వాత హాల్లో. తర్వాత వంటింట్లో. వంటింట్లో చాలాసేపు ఉంది.

లోపల ఎవరూ లేరు.

ఎవరో వెలిగించారనడానికి ఆ ఇంట్లో స్విచ్చులు తక్కువ. సారు బెంగళూరులో ఉంటారు. కరెంటు ఆదా కావాలని ఇంటికే తెలివి పెట్టించారు. మనిషి అడుగు పెడితే దీపం, మనిషి పోతే చీకటి. దానికోసం తెప్పించిన వైరు డ్రమ్ముతో పాటు సర్టిఫికెట్ వచ్చింది, ఇన్ని పరీక్షలు నెగ్గింది అని. నాకు అలాంటి కాగితం లేదు. పని నేను చూసి చూసి నేర్చుకున్నాను. మా ఇద్దరిలో చదువుకున్నది ఆ వైరే.

మనిషి లేనిదే వెలగని దీపం వెలిగిందంటే... మనిషి ఉన్నట్టే గదా.

ఎవరో కూడా అందరికీ తెలుసు. యంకప్ప. ఆ ఇంటికి కావలి ఉన్న హనుమవ్వ మొగుడు. ప్లాంటులో బూడిద ఎత్తే కూలి. ఆరేళ్ళ కింద షిఫ్టు అయినాక బస్సు దిగి నడిచి వస్తుంటే, ఇప్పుడు గేటు ఉన్న చోట పురుగు ముట్టింది — పాము అని రాత్రి కథల్లో అనం మేము. అప్పటికి అక్కడ వాళ్ళ గుడిసె ఒక్కటే. దాని పొయ్యి ఉన్న జాగాలోనే ఇప్పటి వంటిల్లు. ఆ రాత్రి హనుమవ్వ వడ్డించుకుని కూర్చుంది. తినేవాడు గడప దాకా రాలేదు.

దెయ్యమేనని హోటల్లో నలుగురికీ చెప్పింది నేనే. పరీక్షలు నెగ్గిన వైరు తప్పు చెయ్యదు, నా చెయ్యి అసలే చెయ్యదు. మిగిలింది యంకప్ప. చచ్చినవాడు లేచొచ్చి కాదనడు.

అప్పుడు సారు ఫోన్ చేశారు. "దెయ్యం ఆ ముసలామెదే అంటున్నారు. ఆమెను పంపించెయ్. లేకుంటే చెప్పు, ఇంజినీరును పంపి బోర్డు విప్పిస్తా."

హనుమవ్వకు పోవడానికి వేరే జాగా లేదు. ఆమె కోసమే ఆ రాత్రి పోయానని అందరికీ చెబుతుంటాను. బోర్డు విప్పితే నా పేరుంటుంది. అందుకు పోయాను.

ఆమె వంటింటి వెనక గడప బయట, చీకట్లో కూర్చుని ఉంది. లోపల నేల మీద పళ్ళెం. జొన్నరొట్టె, పుంటికూర.

"వైరు చూద్దామని వచ్చిన అవ్వా."

"మెల్లగ మాట్లాడప్పా. ఆయన వచ్చే యాళయింది."

"నీకు భయం కాదా?"

"తాగొచ్చినప్పుడే భయపడలే. ఇప్పుడేం భయం."

పదిన్నర. దూరంగా పొలాల్లో మోటార్లు ఒక్కసారే గుర్రుమన్నాయి. పొలాలకు త్రీఫేజ్ కరెంటు వదిలారు.

గేటు దీపం వెలిగింది.

గేటు ఆరింది... నల్లా దగ్గర వెలిగింది...

మోటార్లు, వెంటనే దీపాలు. నాకు తట్టింది. పక్కనే ఉన్న బోర్డు మూత తీసి బ్యాటరీ లైటు వేశాను. నా పేరు, రెండు గీతలు, దాని కింద ఆకుపచ్చ వైరు. ఎర్త్ స్క్రూలో.

మా పనివాళ్ళకు మొదటి పాఠం: ఆకుపచ్చ అంటే ఎర్త్. సర్టిఫికెట్‌తో వచ్చిన వైరు, ఇంటి దీపాలన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునే వైరు. దాని పైపొర కూడా ఆకుపచ్చే. నేను చూసింది రంగు. తీసుకుపోయి భూమికి కట్టాను. మోటార్లు తిరగగానే భూమిలో కారే కరెంటు దాంట్లోకి ఎక్కి, దీపాల చెవుల్లో ఏదేదో ఊదుతోంది.

హాల్లో వెలిగింది.

"వచ్చిండు," అంది హనుమవ్వ. కొంగు సర్దుకుంది.

నేను స్క్రూ తిప్పి వైరు లాగేశాను.

హాలు ఆరింది. వంటిల్లు వెలగలేదు.

ఆమె చీకటి వంటింట్లోకి తొంగి చూసింది.

"హాల్ల దాకా వచ్చిండు," అంది. "ఇంకా తినలే."

"దెయ్యం లేదవ్వా. ఇగో, ఇదీ నీ దెయ్యం." వైరు కొస మీద వెలుతురు వేసి చూపించాను, బహుమతి తెచ్చినవాడిలా. ఆమె పళ్ళేన్నే చూస్తోంది.

వైరు కొస ఊడింది, బిగించాను అని సారుకు చెప్పాను. దాన్ని తప్పు చోట కట్టింది ఎవరో చెప్పలేదు. హనుమవ్వ కొలువు నిలబడింది. నా పేరు నిలబడింది.

నాలుగో రోజు ఆమె మా ఇంటికి వచ్చింది. "అది ముందు ఎట్లుండెనో అట్లనే పెట్టు మాదేవప్పా. ఒక్క రాత్రి చాలు. రెండోసారి గూడ ఆకలితోనే పోయిండు."

పెట్టాను. అదే వైరు, అదే స్క్రూ, అదే చెయ్యి. పదిన్నరకు మోటార్లు గుర్రుమన్నాయి. గేటు వెలగలేదు. మరునాడు స్క్రూ బిగించి చూశాను. ఆ మరునాడు వదులు చేసి చూశాను. వారం రోజులు ఆ గడప బయట ఇద్దరం కూర్చున్నాం.

ఏడో రాత్రి ఆమె పళ్ళెం నా ముందుకు జరిపింది. "నువ్వే తిను. పారెయ్యబుద్ధి కాదు."

తిన్నాను.

అది వైరే అయితే, వెలగాలి.

తప్పు లేకుండా పని చెయ్యడం చూసి చూసి నేర్చుకున్నాను. చేసిన తప్పునే మళ్ళీ అట్లనే చెయ్యడం మాత్రం నాకు ఇంకా రాలేదు.