తలా ఒక అట్ట

ఆ ఉదయం కోడలు టీ పెడుతుంటే చక్కెర డబ్బా వెనక మాత్రల అట్టలు మూడు దొరికాయి. ఒకటి ఇల్లాలు తెచ్చింది, ఒకటి కొడుకు, ఇంకొకటి కోడలు. డాక్టరు రాసిన పాత చీటీ పట్టుకుని, ఒకరికి తెలియకుండా ఒకరు, ముగ్గురూ మూడు మందుల దుకాణాలకి వెళ్లారు. ముగ్గురికీ ఇంటాయన ఒకే మాట చెప్పాడు: "ఈ ఒక్కసారికే. ఎవరికీ చెప్పకు."

ఆయన దర్జీ. మెట్లమీంచి పడి భుజం విరిగితే డాక్టరు పది రోజులకి నొప్పి మాత్రలు రాశాడు. పది రోజులు కాస్తా పది నెలలయ్యాయి. మూలుగుతుంటే చూడలేక తలా ఒక అట్టా తెచ్చిపెడుతూ వచ్చారు, పాపం!

"నిన్న ప్లీడరుగారి కోటు అడ్డదిడ్డంగా కత్తిరించేశారు మావయ్యా, చేతులు వణికి" అంది కోడలు.

"దొంగని పట్టుకున్నట్టు నిలబెడతారేం? నొప్పి నాది!" అని ఆయన గయ్యిమన్నాడు.

"ఎక్కడ నాన్నా? చూపించు."

ఆయన భుజం చూపించాడు. తర్వాత నడుం, ఆ తర్వాత మోకాలు. ఇంకెక్కడ చూపించాలో తెలియక మొహం కప్పుకుని భోరుమన్నాడు. "రెండుసార్లు మానేసి చూశాన్రా. ఒళ్లంతా చెమటలు, వణుకు. నేను చెడిపోయాన్రా!"

ఆ రోజే వాళ్లు కలిసిన డాక్టరమ్మ తల అడ్డంగా ఊపింది. "చెడిపోవడం కాదండీ. రోజూ వేసుకుంటే ఒళ్లు ఆ మందుకి అలవాటు పడుతుంది, పాత మోతాదు చాలదు. ఆపితే ఎదురు తిరుగుతుంది. ఆ బాధనే మీరు భుజం నొప్పి అనుకున్నారు. ఒక్కసారిగా ఆపకండి, నేను చెప్పినట్టు మెల్లగా తగ్గిద్దాం. మాత్రలు ఒక్కరి చేతిలోనే ఉండాలి."

సులువుగా జరిగిందనుకునేరు! ఆయన అలిగాడు, అరిచాడు, కంచం విసిరాడు.

"ఎన్ని తిట్టినా సరే, వేళైతేనే ఇస్తా" అని ఇల్లాలు కదల్లేదు. అయిదో నెలలో ఆఖరి మోతాదూ అయిపోయింది.

మరుసటి ఏడాది ఆయన పన్ను పీకించుకున్నాడు. పళ్ల డాక్టరు చీటీలో అదే మందు రాయబోతుంటే ఇల్లాలు కుర్చీలోంచి సగం లేచింది.

"అది నాకొద్దు డాక్టరుగారూ! దానికి బానిసనై బయటపడ్డాను. వేరేది రాయండి" అన్నాడాయన, బయట బెంచీ మీదివాళ్లకి కూడా వినపడేలా.

"అంత గట్టిగానా? అందరూ వింటున్నారు" అంది ఇల్లాలు, పైటతో కళ్లు తుడుచుకుంటూ.

"విననీవే" అన్నాడు ఆయన, వాచిన బుగ్గతోనే నవ్వుతూ. "చాటుగా ఉన్నన్నాళ్లేగా అది నా మెడ పట్టుకుంది!"