తెల్లగా కనబడిన పేజీ

పొద్దున్నే పాపకు జడ వేస్తున్న కోడలికి వంటింట్లో గ్లాసు పగిలిన చప్పుడు వినిపించింది. పరుగున వెళితే అత్తగారు గట్టు తడుముతూ నిలబడి ఉంది.

"కుడి పక్కనే పెట్టానుగా అత్తయ్యా గ్లాసు!"

"కుడి పక్క ఏమీ కనబడట్లేదమ్మా," అంది ఆవిడ, తప్పు చేసినదానిలా.

సాయంత్రానికి కంటి డాక్టరు తేల్చేశాడు. చుక్కల మందు నెలన్నరగా ఆగిపోయి, కంట్లో ఒత్తిడి పెరిగి, చూపు నరం దెబ్బతింది. పోయిన చూపు ఇక రాదు.

ఇంటికి రాగానే కొడుకు విరుచుకుపడ్డాడు. "మందు అయిపోతే ఆసుపత్రి వెబ్‌సైట్‌లో డాక్టరు టైము తీసుకుని కొత్త చీటీ రాయించుకోమన్నానా? ఆ వెబ్‌సైట్ చేసిందే నేను! ఒక్క బటన్ నొక్కితే వేలు అరిగిపోతుందా అమ్మా?"

"రోజూ తెరిచానురా. అంతా తెల్లగా ఉండేది. అక్షరాలు కనబడేవి కావు. నా కన్నే మందగించిందనుకున్నా."

"నాతో చెప్పొచ్చుగా!"

"చూపు లేదంటే పాపను నాకు వదలరేమోనని భయమేసింది."

కోడలికి తన మాటే గుర్తొచ్చింది. 'పొద్దస్తమానం ఆ కంప్యూటర్ ముందే కూర్చుంటే కూరలెవరు తరుగుతారు?' అని మొన్ననే దెప్పింది తను.

కొడుకు విసురుగా తల్లి గదిలోకి వెళ్ళి పాత కంప్యూటర్‌లో ఆ వెబ్‌సైట్ తెరిచాడు. తెల్లటి పేజీ. ఒక్క అక్షరం లేదు.

ఐదేళ్ళ కిందట దాన్ని అమర్చింది అతనే. "అప్‌డేట్ అని ఏమొచ్చినా నొక్కకు, పాడైపోతుంది" అని మాట తీసుకున్నదీ అతనే. ఆవిడ మాట తప్పలేదు. ఈలోగా జనమంతా వెబ్‌సైట్లు చూసే బ్రౌజర్‌ను కొత్తదిగా మార్చేసుకున్నారు, ఆవిడది పాతదే. రెండు నెలల కిందట ఆఫీసులో, పాతది వాడేవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరని చూపించి, "వాళ్ళకోసం రెట్టింపు చాకిరీ ఎందుకు, పాతదాంట్లో మన పేజీ వచ్చేలా చేయడం ఆపేద్దాం" అన్నాడు. ఆ ఒక్కరూ ఎవరని ఎవరూ అడగలేదు.

వచ్చి తల్లి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు.

"తప్పు నీ కంటిది కాదమ్మా, నాది. ఆ పేజీ నిజంగానే తెల్లగా ఉంది. నీ కంప్యూటర్‌లో రాకుండా చేసింది నేనే."

ఆవిడ తడుముకుని అతని తల మీద చెయ్యి వేసింది.

"అయితే అప్పటికింకా నాకు కనబడుతూనే ఉందన్నమాట," అంది మెల్లగా.

కొడుకు చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. కోడలు పాపను ఎత్తుకొచ్చి అత్తగారి ఒడిలో కూర్చోబెట్టి, తనూ పక్కనే కూర్చుంది.