తేదీ తప్పు చెప్పిన స్తుతి

స్తుతి హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టిందో లేదో, స్టూడియో ఫోను మోగింది.

“మేడమ్, లండన్‌లో ఆ నలుగురి బ్యాండ్ మేడ మీద పాడింది ఈరోజని చెప్పినారు. ఈరోజు జనవరి ముప్పై ఒకటి. వాళ్లు పాడింది ముప్పైన.”

“ఒక్క రోజే కదా?”

“మీ పుట్టినరోజు ఒక్క రోజు ఆలస్యంగా చేస్తే ఊరుకుంటారా?”

కర్నూలులోని ఓ చిన్న రేడియో స్టేషన్‌లో స్తుతి రోజూ పొద్దున ఏడున్నరకు ‘ఈ తేదీన పాట’ చెబుతుంది. ఏళ్ల కిందట సరిగ్గా ఆ తేదీన పాటల లోకంలో జరిగిన ముచ్చట్లు. ఇన్నాళ్లూ పొగిడినవాళ్లే గానీ తప్పు పట్టింది ఇతనొక్కడే. పేరు ఉమామహేశ్. పాత క్యాసెట్లలోని పాటలను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే షాపు ఉంది.

నెట్‌లో చూస్తే అతను చెప్పిందే నిజం. దాంతో ఆమెకు ఇంకా మండింది. సాయంత్రం నేరుగా షాపుకే పోయింది.

“నేనే స్తుతి. అంత తెలిస్తే రేపటిది మీరే చెప్పండి.”

అతను నవ్వలేదు. స్టూలు తుడిచి వేశాడు. “కూర్చోండి. టీ తాగుతారా?”

అప్పట్నుంచి రోజూ సాయంత్రం స్తుతి స్క్రిప్టు పంపేది, అతను తేదీలు సరిచూసేవాడు. ఉగాదికల్లా ‘మేడమ్’ పోయి స్తుతి అయింది. ఎండలు తగ్గేలోపు ‘మీరు’ కూడా పోయింది.

జూలై చివర్లో ఉన్నట్టుండి అతని మెసేజ్‌లు ఆగిపోయాయి. ఆమె పంపినవి చూస్తున్నాడు, జవాబివ్వడు. తనంతట తాను షాపుకు పోవడానికి స్తుతికి పౌరుషం అడ్డొచ్చింది.

ఆగస్టు నాలుగున మైకులో, “పాటల కోసమే పెట్టిన ఓ అమెరికా టీవీ చానెల్ ఇదే రోజు మొదలైంది” అని చెప్పింది. అది ఒకటో తేదీన మొదలైందని ఆమెకు తెలుసు.

స్టేషన్ చూసుకునే నాగరాజ్ సార్ పిలిపించాడు. “వారంలో ఇది మూడో తప్పు. ఇంకొకటైతే ప్రోగ్రాం ఆపేస్తా.”

బయటికి వచ్చేసరికి సన్నటి తుంపర. గేటు దగ్గర ఉమామహేశ్, బైకు మీద తడుస్తూ కూర్చున్నాడు.

“తప్పులు చెప్తాండావు స్తుతీ.”

“తెలుసు.”

“తెలిసి ఎందుకు చెప్తాండావు?”

“నువ్వు ఫోన్ చేస్తావని.”

అతను తడి హెల్మెట్‌ను చొక్కాతో తుడిచాడు.

“మీ నాయన షాపుకు వచ్చినాడు. మీ జేజి పాడిన క్యాసెట్ ఇచ్చినాడు. మా స్తుతికి కడప సంబంధం కుదురుతాండాది, పెళ్లిలో వెయ్యాల అన్నాడు. ఇంక నేనేం మెసేజ్ పెట్టేది?”

“నన్ను అడగొచ్చు కదా. పోయిన ఆదివారమే ఆ సంబంధం వద్దన్నా.”

“ఎందుకు?”

“యాడాడి సంగతులో తెలుసు నీకు. ఇది తెలీదా?”

ఉమామహేశ్ తలెత్తి చూశాడు. “తెలుసనే అనుకున్నా. తప్పేమోనని భయపడినా.”

ఆ సాయంత్రమే ఇద్దరూ జేజి పాట ఎక్కించిన పెన్‌డ్రైవ్‌తో స్తుతి ఇంటికి పోయారు. స్తుతి తండ్రి ఏసన్న వరండాలో మంచం మీద కూర్చొని అంతా విన్నాడు.

“మీది మహానందికి పోయే ఇల్లు. మాది చర్చి. ఎట్లప్పా?”

“స్తుతిని మారమని అడగను. నేనూ మారను. క్రిస్మస్‌కు మాత్రం అందరికన్నా ముందొచ్చి కుర్చీలేస్తా.”

స్తుతి పెన్‌డ్రైవ్ పెట్టగానే లోపల టీవీలో పాట మొదలైంది. ముప్పై ఏళ్ల కిందట ఊరి చర్చిలో నాయనమ్మ రాహేలమ్మ పాడిన కీర్తన. ముసలామె నోటికి కొంగు అడ్డం పెట్టుకొని చివరిదాకా వింది. తర్వాత మెల్లగా బయటికి వచ్చింది.

“గరగరంతా తీసేసినావు. నడుమ నేను దగ్గింది అట్లనే పెట్టినావే, ఎందుకప్పా?”

“అది మీరే కదా జేజీ. తీయబుద్ధి కాలేదు.”

రాహేలమ్మ కొడుకువైపు తిరిగింది. “ఏసన్నా, ఈ పిల్లోడు చాలు.”

ఏసన్న ఉమామహేశ్‌వైపు తిరిగాడు.

“ఆదివారం మీ అమ్మానాయనను పిలుచుకొని రాప్పా. మధ్యాహ్నం రాండి. పొద్దున మాకు చర్చి ఉంటాది.”

గేటు దాకా గొడుగు పట్టుకొని స్తుతి అతని వెంట నడిచింది. “ఆదివారం ఏ తేదీనో సరిచూసుకొని రా,” అంది.