ఫుసాయె బండి

పాలు పితికే పని ముగిసినా సముద్రం వైపు నుంచి వచ్చిన పొగమంచు మేత పొలాలను వదల్లేదు. ఫుసాయె మిసో చారు రెండు గుక్కలు తాగి లేచింది. కూర్చుంది. మళ్ళీ లేచి కిటికీ దగ్గరికి వెళ్ళింది. పశువుల పాక వెనక పొట్టి వెదురు పొదల్లో, రంగు వెలిసిన బుల్డోజర్ కప్పు లీలగా కనిపిస్తోంది.

"అమ్మా, కాస్త కుదురుగా తిను," అన్నాడు కొడుకు మసాతో. "శనివారం పాత ఇనుము వాళ్ళొస్తారు. దాన్ని గ్యాసుతో కోసి పట్టుకుపోతారు. ఆ చోటు ఖాళీ అయితే కానీ దూడల పాకకి పునాది తియ్యలేం."

"కొయ్యక్కర్లేదు. చోటు కావాలంటే అదే నడిచి పక్కకి పోతుంది."

"నేను చంటిపిల్లాడిగా ఉన్నప్పుడు ఆగిన బండి అది, అమ్మా."

గుమ్మంలో బూట్లు తొడుక్కుంటున్న కోసాకు తలెత్తలేదు. "చచ్చిన ఇంజను. దాని జోలికి పోకు," అన్నాడు భార్యతో, తలుపు తీసుకుని బయటికి వెళ్ళిపోతూ.

ఫుసాయె కోడలిగా వచ్చేనాటికి ఇదంతా బర్చ్ చెట్లూ బురదా. హొక్కైదోలో నేల సాగులోకి తెచ్చుకోమని సర్కారు ఇచ్చిన చివరి ముక్కల్లో వాళ్ళది ఒకటి. ఎవరో వాడి వదిలేసిన ఆ బుల్డోజర్‌ని కోసాకు కొనుక్కొచ్చాడు కానీ, అది అతని చేతికి లొంగలేదు. లివర్లు గట్టిగా లాగేవాడు, బ్లేడు నేలలో దిగబడిపోయేది. ఒకరోజు అతను అన్నానికి వెళ్ళినప్పుడు ఫుసాయె ఎక్కి కూర్చుంది. సాయంత్రానికి ఒక మడి చదునైపోయింది. ఆ తర్వాత ఊళ్ళో అందరూ దాన్ని ఫుసాయె బండి అనే అన్నారు.

ఒక శరత్కాలంలో ఏటి వాలు మీద బండి జారి ఒక పక్కకి ఒరిగింది. ఫుసాయె ఎలాగో దాన్ని నిలబెట్టి ఇంటికి తెచ్చింది. మర్నాడు అది కదల్లేదు. కోసాకు మూత తెరిచి చూసి, ఒరిగినప్పుడు నూనె అందక లోపల కాలిపోయిందన్నాడు. "ఇంటి బండిని మింగిన కోడలు," అంటూ అత్తగారు బతికినన్నాళ్ళూ దెప్పింది. ఫుసాయె కూడా తన చేతులే అంత పని చేశాయని నమ్మింది.

ఇప్పుడు అది ముక్కలవుతుందనగానే ఆమెకి కాలు నిలవడం లేదు. చలి తగ్గాక మసాతో ఆ మాట ఎత్తినప్పటి నుంచీ, పాల పని అయిందంటే చాలు అక్కడికే. కోడలు నగిస తోడొచ్చింది. గొలుసు చక్రానికీ బండికీ మధ్య మొలిచి దూరిపోయిన బర్చ్ చెట్టుని ఇద్దరూ కలిసి రంపంతో కోశారు. పొగగొట్టంలోంచి ఎలకల గూళ్ళు లాగారు. పట్టేసిన ఇంజనులో నూనె పోసి నానబెట్టి, పొద్దునా సాయంత్రం పొడవాటి ఇనుప కమ్మీ వేసి కొద్దికొద్దిగా తిప్పారు.

గురువారం నాడు ఇంజను చేతికి మెత్తగా తిరిగింది. ఫుసాయె కమ్మీ పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"ఏమైంది అత్తయ్యా?"

"లోపల కాలిపోయిన ఇంజను ఇలా తిరగదే."

ట్రాక్టరు బ్యాటరీ తెచ్చి తగిలించి, ట్యాంకులో డీజిల్ పోశారు. నగిస స్టార్టరు నొక్కింది. ఇంజను గిరగిరా తిరిగింది కానీ అంటుకోలేదు. గొట్టం వదులు చేసి చూస్తే డీజిల్ చుక్క లేదు. ఇంజనుకి డీజిల్ నెట్టే పంపు తిరగకుండా నిలబడి ఉంది. ఫుసాయె పక్క మూత విప్పి తొంగిచూసింది. ఇంజను తిరుగుడుని పంపుకి అందించే ఇనుప బిళ్ల అక్కడ లేదు.

"తుప్పు తినేసిందేమో," అంది నగిస.

"తుప్పు బోల్టులు విప్పదు. విప్పి మళ్ళీ బిగించదు." ఫుసాయె చేతులు తుడుచుకుని ఇంటి వైపు నడిచింది. నడక పరుగైంది.

కోసాకు పనిముట్ల గదిలో కొడవలి నూరుతున్నాడు.

"ఏవండీ, పంపు బిళ్ల ఎక్కడ?"

"ఏ బిళ్ల?"

"బిళ్ల తీసేసి, బోల్టులు మాత్రం పోకుండా వాటి చోట వాటిని బిగించిపెట్టారే, ఆ బిళ్ల. అంత జాగ్రత్త మనిషి ఈ ఇంట్లో ఒక్కరే ఉన్నారు."

నూరడం ఆగింది. కోసాకు వంగి కింది సొరుగు లాగి, నూనె గుడ్డలో చుట్టిన పొట్లం ఒకటి బల్ల మీద పెట్టాడు. గుడ్డ విప్పితే బిళ్ల కొత్తదానిలా మెరుస్తోంది.

"ఏటా నూనె రాస్తూనే ఉన్నాను. పారెయ్యడానికి చెయ్యి రాలేదు."

"తియ్యడానికి ఎలా వచ్చింది?"

"ఆ రోజు బండి ఒరగడం కింద నిలబడి చూశాను. నా వీపున మసాతో ఉన్నాడు. నువ్వు దిగి నవ్వావు. మర్నాడు ఊరి సంఘం వాళ్ళ రోడ్డు పనికి కొండ మీదికి పోతానన్నావు."

"వద్దనాల్సింది."

"అంటే ఆగేదానివా?"

"ఆగేదాన్ని కాదు. పోట్లాడేదాన్ని. ఆ పోట్లాట కూడా నాకు దక్కనివ్వలేదు మీరు."

కోసాకు కొడవలి పక్కన పెట్టాడు. "భయం ఒక్కటే కాదులే. సంఘం వాళ్ళు గుమ్మంలోకొచ్చి, నన్ను దాటి లోపలికి చూస్తూ, మీ ఆవిడుందా అని అడిగారు. నా బండి, నా గుమ్మం. నేనక్కడ లేనట్టే."

"మీ అమ్మ నన్ను అన్నేసి మాటలంటుంటే పక్కనే కూర్చుని అన్నం తిన్నారు." ఫుసాయె బిళ్లని అతని వైపు నెట్టింది. "ఆ తర్వాత ట్రాక్టరు ఎక్కాలన్నా భయపడ్డాను. ఏది ముట్టుకున్నా పాడైపోతుందనిపించేది. అది తెలిసీ ఊరుకున్నారు."

ఆమె బిళ్లని బల్ల మీదే వదిలి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం తన అన్నం గిన్నె పట్టుకుని వంటగదిలోకి పోయింది. సంగతేమిటని మసాతో అడిగితే, మీ నాన్ననడుగు అంది నగిస.

శుక్రవారం పొద్దున ఫుసాయె బియ్యం కడుగుతుంటే పక్క గదిలో గంట మోగింది. చనిపోయిన పెద్దలకి దణ్ణం పెట్టుకునే పీఠం ముందు కోసాకు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. రోజూ అయితే చేతులు జోడించి లేచిపోతాడు.

"అమ్మా," అన్నాడు పైకే, ఇల్లంతా వినపడేలా. "ఫుసాయె బండిని చెడగొట్టలేదు. నేనే ఆపేశాను. ఆపేసి అబద్ధం చెప్పాను. నువ్వు కోడల్ని అన్న మాటలన్నీ నాకు చెందాల్సినవి." తల తిప్పి, "మసాతో, నువ్వూ విను," అన్నాడు.

మసాతో చారు గిన్నె కింద పెట్టి తండ్రిని, తర్వాత తల్లిని చూశాడు. ఫుసాయె చేతులు బియ్యం నీళ్ళలో ఉండిపోయాయి. అత్తగారి ముందు ఏనాడూ కార్చని కన్నీళ్ళు ఆ నీళ్ళలోనే పడ్డాయి. తుడుచుకోబోలేదు.

ఎండ వచ్చేసరికి కోసాకు బిళ్ల పట్టుకుని బండి దగ్గర వంగి కనిపించాడు. ఆమె వెనక నిలబడి కొంతసేపు చూసింది.

"తిరగేసి పెడుతున్నారు."

"తీసింది నేనే కదా, నాకు తెలీదా."

"తీసింది మీరే. నడిపింది నేను. ఇటివ్వండి."

గుర్తులు సరిచూసి ఆమే బిగించింది. బోల్టులు ఒక్కొక్కటే అతను అందించాడు. నగిస స్టార్టరు నొక్కింది. ఇంజను దగ్గింది, ఆగింది. మళ్ళీ దగ్గి నల్లటి పొగ కక్కింది. ఉన్నట్టుండి నేల అదిరింది. పాకలో ఆవులన్నీ ఒక్కసారి అరిచాయి. మసాతో పరిగెత్తుకొచ్చి, చేతిలో బకెట్టుతో అలాగే నిలబడిపోయాడు.

ఫుసాయె ఎక్కి లివర్లు పట్టుకుంది. తుప్పు పట్టిన గొలుసులు కిర్రుమంటూ కదిలాయి. ఆమె బ్లేడు ఎత్తి, పునాది చోటు దాటించి, కంచె పక్కకి తెచ్చింది. అక్కడ ఆపితే పని అయిపోయినట్టే. ఆమె ఆపలేదు. మేత పొలం అంచున, పొట్టి వెదురు కమ్మేసిన మెరక వైపు తిప్పింది. ఒకప్పుడు అది తను చదును చేసిన మడే.

"ఎక్కడికి?" కోసాకు కేకేశాడు.

"తెలీదు. బియ్యం కడిగే ఉన్నాయి. పొయ్యి మీద పెట్టండి."

మెరక మీదికి వాలు మొదలయ్యే చోట ఆమె వెనక్కి చూసింది. కోసాకు కదల్లేదు. ముఖం పాలిపోయింది. ఆగమన్నట్టు చెయ్యి సగం లేచింది. ఆ చేతిని తనే రెండో చేత్తో పట్టుకుని కిందికి దించుకున్నాడు.

ఫుసాయె ముందుకి తిరిగి వాలెక్కింది.