నల్ల కారు వెనక తలుపు

ఇంటి వెనక రేకుల షెడ్డు. నాలుగు ట్యూబులైట్లు, నున్నటి గచ్చు, నీళ్ళు పోవడానికి మధ్యలో ఓ సన్నటి కాలవ. ఎండ తగిలితే పాలిష్ మందు ఎండిపోయి మరకలు పడతాయి, గాలి తగిలితే దుమ్ము కూర్చుంటుంది. అందుకని పట్టపగలు కూడా షట్టరు దించే ఉంచేవాళ్ళు. అందులో పనిచేసేది భార్యాభర్తలిద్దరే. కారు పైపని ఆయనది, లోపలిపని ఆమెది.

ఆయన్ని అందరూ అద్దం మేస్త్రి అనేవారు. ఎంత మసకబారిన బండినైనా మూడు రోజుల్లో మొహం చూసుకునేలా చేసి ఇస్తాడని ఆ పేరు. ఆమెని జడమ్మ అనేవారు. పెళ్ళయిన కొత్తలో మోకాళ్ళ దాకా వేలాడే జడని చూసి ఎవరో పెట్టిన పేరు. రెండేళ్ళ కిందట విషజ్వరం వచ్చి జుట్టంతా ఊడిపోయింది గానీ ఆ పేరు మాత్రం ఊడలేదు. ఎవరైనా "జడమ్మా" అని పిలిస్తే చాలు, ఆమె చెయ్యి తనకి తెలీకుండానే తలకి కట్టుకున్న రుమాలు మీదికి పోయేది.

జబ్బుకి ముందు మేస్త్రి ఆ జడని అరచేతిలో వేసుకుని, దీని బరువు మోస్తున్నందుకైనా నీకు రోజూ మీగడ పెట్టాలి అని వేళాకోళం చేసేవాడు. జబ్బు తరవాత ఒక్క మాట అనలేదు. పోయిందేమని అడగలేదు, వస్తుందిలే అని ఓదార్చలేదు. ఆమె తల వైపు చూడటమే మానేశాడు. ఏదో ఒకటి అనుంటే ఏడ్చి ఊరుకునేది. అనలేదు కాబట్టి అది లోపల లోపలే కుళ్ళింది. దారిన పోయే ఏ ఆడమనిషి జడ కనిపించినా, ముందు దాని పొడుగు చూసేది, వెంటనే ఆయన కళ్ళెటు పోతున్నాయో చూసేది.

సోమవారం పొద్దున పాత కార్లు కొని అమ్మే వ్యాపారి ఓ నల్ల ఎస్‌యూవీ తెచ్చాడు. ఆయన ఆ దంపతులకి పదేళ్ళుగా తెలుసు, జడమ్మని చెల్లెమ్మా అంటాడు. ఆ బండి ఎక్కడో మూసేసిన గ్యారేజీలో ఏళ్ళ తరబడి పడుందట. నలుపన్నది పేరుకే, బూడిద పూసినట్టుంది. గురువారానికి కావాలన్నాడు. పై పొర పల్చబడింది, చూసి రుద్దమని మరీ మరీ చెప్పాడు.

ఆ మాట మేస్త్రికి చెప్పక్కర్లేదు. కారు రంగు మీద గాజులాంటి పొర ఒకటుంటుంది. మెరుపంతా దానిదే. పైపైన రుద్దితే గీతలు పోయి నీళ్ళలా తేటపడుతుంది. చెయ్యి బరువైతే పొర తెగిపోతుంది. తెగాక ఇక ఏ మందూ పనిచెయ్యదు.

కడగడం, బంకముద్దతో మురికి లాగడం మధ్యాహ్నానికి అయిపోయాయి. ఎంత మెరుపు వస్తుందో చూద్దామని మేస్త్రి ఎడమవైపు వెనక తలుపు మీద జానెడు మేర టేపు అంటించి, మధ్యలో బఫింగ్ మిషను పెట్టాడు. రెండు నిమిషాలు తిప్పి, మెత్తటి గుడ్డతో తుడిచి, లైటు ఏటవాలుగా పట్టుకుని వంగాడు. అలా వంగినవాడు చాలాసేపు లేవలేదు. ఏమైందండీ అని ఆమె రెండుసార్లు అడిగితే, "నలుపు" అన్నాడు. "ఎంత నలుపో..."

జడమ్మ లోపలి పని మొదలుపెట్టింది. వెనక సీటు కింద పట్టాల సందులో ఓ వెంట్రుక కనిపించింది. లాగింది. వచ్చింది. ఇంకా వచ్చింది. వేలికి చుట్టుకుంటూ లాగుతూనే ఉంది. దాని వెనకే ఇంకోటి, దాని వెనక మరోటి... చివరికి గుప్పెడు చేతికొచ్చాయి. మూసేసిన బండిలో ఏళ్ళు పడున్న వెంట్రుకలు ఎండిపోయి ఉండాలి. ఇవి చల్లగా, తడిగా ఉన్నాయి. అప్పుడే తలస్నానం చేసి వచ్చిన మనిషి వాసన.

అప్పుడామెకి కలిగింది భయం కాదు. కారు దిగి, ఓ వెంట్రుకని నడినెత్తిన పట్టుకుని కిందికి వదిలి చూసుకుంది. మోకాలు దాటి పిక్క దాకా వచ్చింది. తన పాత జడకంటే పొడుగు.

వాటిని కాయితంలో చుట్టి మేస్త్రికి చూపించింది. ఎవరో పాత ఓనరువి అయ్యుంటాయి, అవతల పారేస్తాలే అని ఆయన అందుకున్నాడు. ఆ సాయంత్రం కొక్కేనికున్న ఆయన చొక్కా ఉతకడానికి తీస్తుంటే జేబులోంచి ఆ పొట్లం బయటపడింది. పారెయ్యలేదు. నాలుగు మడతలు పెట్టి దాచుకున్నాడు.

జడమ్మ పొట్లాన్ని మళ్ళీ జేబులోనే పెట్టి, చొక్కాని ఉతక్కుండా అక్కడే తగిలించేసింది. ఆ రోజు ఆమెకి అన్నం సయించలేదు.

మంగళవారం మేస్త్రి గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని షెడ్డులోకి వెళ్ళాడు. మిషను చిమ్మే మందు మీద పడుతుందని చిరుగుల బనీను తప్ప వేసుకోని మనిషి! ఎవరైనా వస్తున్నారా అని ఆమె అడిగితే వినిపించుకోలేదు. బండికి నాలుగు తలుపులున్నాయనీ, ముందు బానెట్టుందనీ మర్చిపోయినట్టు రోజంతా ఆ ఒక్క తలుపు మీదే ఉన్నాడు. ముందు ఉన్ని ప్యాడు, తరవాత స్పాంజి, ఆ తరవాత ఉత్త అరచెయ్యి. కూరలో ఉప్పు వెయ్యడం ఆమె కావాలనే మానేసింది. ఆయన గబగబా నాలుగు ముద్దలు మింగి లేచి వెళ్ళిపోయాడు.

జడమ్మ గిన్నెలు తోముతూ ఆ తలుపుని తిట్టుకుంది. ఓ ఇనప రేకు మీద ఇంత కుళ్ళు ఏమిటని తన మీద తనకే నవ్వొచ్చింది. నవ్వుతూనే చెవులు అటు వేసింది. మిషను చప్పుడు లేదు. షట్టరు వెనక ఆయన గొంతు వినబడుతోంది... సన్నగా, బుజ్జగిస్తున్నట్టు. ఆ గొంతు ఆమెకి తెలుసు. విని రెండేళ్ళయింది.

బుధవారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. రేకుల కింద ఉక్క. జడమ్మ కారులో వెనక సీట్ల ముందు నేల మీద బోర్లా పడుకుని, తివాచీ అంచుల్లో బ్రష్షుతో గీరుతోంది. మూడుసార్లు వాక్యూమ్ పెట్టినా ఆ వెంట్రుకలు మళ్ళీ వస్తూనే ఉన్నాయి. ఆమె తలకి ఆనుకుని ఆ ఎడమ తలుపు, మూసి ఉంది. తలుపుకి అవతల మేస్త్రి.

కరెంటు పోయింది.

మిషను మూలిగి ఆగింది. లోపల చీకటి గుయ్యారం. మేస్త్రి బ్యాటరీ లైటు వెలిగించుకున్నట్టున్నాడు, కిటికీ అద్దం మీద కాస్త వెలుతురు పాకింది. ఆయన గుడ్డతో తుడుస్తున్న చప్పుడు. సుయ్... సుయ్... సుయ్...

ఆగింది.

అప్పుడు గుసగుస వినబడింది. బయటినుంచి కాదు. కారులోంచీ కాదు. ఆమె చెవికి జానెడు దూరంలో, తలుపు రేకుకీ లోపలి అట్టకీ మధ్యలోంచి.

"ఎవరామె?"

ఆడగొంతు. తడిసిన గొంతు.

మేస్త్రి గుడ్డ మళ్ళీ ఓసారి తలుపు మీద పాకింది.

"ఎవరూ కాదు" అన్నాడు మెల్లగా. "లోపలిపని చేసే మనిషి."

పధ్నాలుగేళ్ళ కాపురం... ఎవరూ కాదట. ఆ గొంతంటే భయం పెద్దదో, ఆ మాట మీద కోపం పెద్దదో జడమ్మకే తెలీలేదు. పాక్కుంటూ కుడివైపు తలుపు తీసి దిగింది. కారు చుట్టూ తడుముకుంటూ నడిచింది. వెనక సీటు నిండా తలస్నానపు వాసన. బయటికొచ్చినా ఆ వాసన వదల్లేదు.

మేస్త్రి మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. లైటు గచ్చు మీద పక్కకి పడి ఉంది. తలుపు నిజంగానే అద్దమైపోయింది. అందులో మేస్త్రి మొహం కనిపిస్తోంది. దాని పక్కనే, చెంపకి చెంప ఆనించినట్టు... ఇంకో మొహం.

ఆయన పక్కన ఎవరూ లేరు.

జుట్టు. ముందు అదే కనిపించింది. తలుపు కింది అంచు దాకా జారి, నలుపులో నలుపై కలిసిపోతున్న జుట్టు. జడమ్మ నీడ తలుపు మీద పడగానే ఆ మొహం మెల్లగా ఇటు తిరిగింది. కళ్ళు జడమ్మ తలకి కట్టిన రుమాలు మీద నిలిచాయి. ఆ తరవాత ఆమె మెడలోకి, చేతుల్లోకి, పక్కనున్న మొగుడి మీదికి... ఒక్కొక్కటే లెక్క చూసుకుంటున్నట్టు కదిలాయి.

ఆ చూపు జడమ్మకి కొత్త కాదు. రెండేళ్ళుగా దారిన పోయే ఆడవాళ్ళని తను చూసే చూపే అది.

ఆ తరవాత ఏం చేసిందో ఆమెకి సరిగ్గా గుర్తులేదు. అలమరలో గరుకు కాయితం ఉంటుంది, తుప్పు గీకేది. అది చేతికొచ్చింది. మొగుణ్ణి భుజంతో ఒక్క తోపు తోసింది. కాయితం తలుపు మీద పెట్టి, ఉన్న బలమంతా పెట్టి రుద్దింది.

గర్... గర్... గర్...

మెరుపు చచ్చి తెల్లగా పొడి రాలింది. ఆ మొహం మసకబారింది. రేకు చల్లగా లేదు. జ్వరం వచ్చిన నుదురులా కాలుతోంది. ఇంకా రుద్దింది. ఓ క్షణం ఊపిరి కోసం చెయ్యి ఆపింది.

గర్... గర్...

చప్పుడు ఆగలేదు.

తను పైనుంచి గీకిన చోటే, లోపలినుంచి ఎవరో గీకుతున్నారు.

అప్పుడే ఆపాల్సింది. ఆ మాట తరవాత ఎన్నిసార్లో అనుకుంది. కానీ మేస్త్రి గచ్చు మీద కూర్చుని, "వద్దు... ఆమెకి నొప్పి..." అంటున్నాడు. ఆమెకి నొప్పి. ఆ మాటతో జడమ్మ చేతికి కొత్త బలం వచ్చింది. రెండు చేతులతో రుద్దింది. పైనుంచి ఒకరు, లోపలినుంచి ఒకరు. పొర తెగింది. రంగు తెగింది. అడుగున బూడిదరంగు బయటపడింది.

లోపలి చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

కరెంటు వచ్చింది. ట్యూబులైట్లు మిణుకుమిణుకుమని వెలిగాయి. తలుపు మధ్యలో పళ్ళెమంత మేర పాడైపోయిన రేకు, అంతే. మేస్త్రి నిద్రలేచినవాడిలా చుట్టూ చూసి, "ఏం చేశావే?" అన్నాడు. అని ఏడ్చాడు. తన చొక్కా జేబులో ఉన్న పొట్లం ఆయనే తీసి ఇచ్చాడు. విప్పితే అందులో ఏమీ లేదు, కాయితం తడిసి ఉంది.

మిగతా బండి ఇద్దరూ కలిసి సాయంత్రం దాకా ఏదో అయిందనిపించారు. గురువారం పొద్దున వ్యాపారి డ్రైవరు వచ్చి తీసుకుపోయాడు. ఆ తలుపు గురించి వ్యాపారి ఫోనులో నాలుగు మాటలన్నాడు గానీ, రంగు తనే వేయించుకుంటానని చివరికి మెత్తబడ్డాడు. బండి మలుపు తిరిగేదాకా జడమ్మ గేటు దగ్గరే నిలబడి చూసింది. వెనక సీటు ఖాళీగానే ఉంది. కచ్చితంగా ఖాళీగానే ఉంది.

మధ్యాహ్నం మేస్త్రి అడిగి మరీ రెండోసారి అన్నం పెట్టించుకున్నాడు. తిన్నాక ఆమె పక్కన కూర్చుని, రుమాలు మీద చెయ్యి వేశాడు. నీ దగ్గర చాలా మాటలు అనకుండా ఉండిపోయాను అన్నాడు. రెండేళ్ళ బరువు దిగినట్టు ఆమె తనివితీరా ఏడ్చింది.

నాలుగింటికి ఫోను మోగింది. మేస్త్రి చేతులకి సబ్బుంది. స్పీకరు నొక్కమన్నాడు. ఆమే నొక్కింది.

"ఏంటి మేస్త్రీ, ఇంట్లో గొడవ పడ్డారా?" వ్యాపారి నవ్వుతున్నాడు. "చెల్లెమ్మ ఇక్కడే ఉంది. వెనక సీట్లోంచి దిగనంటోంది. నువ్వొస్తేనే దిగుతుందట."

జడమ్మ ఫోను ఆయన ముందుకి చాపింది. నేనిక్కడే ఉన్నానని చెప్పండి అని మొగుడికి సైగ చేసింది. మేస్త్రి ఆమె వైపు చూశాడు. పైనుంచి కిందికి, చాలాసేపు, తెలిసిన మనిషేనా అన్నట్టు చూశాడు. ఆ తరవాత చేతులు కడుక్కుని ఫోను అందుకున్నాడు.

"అక్కడే ఉండమనండి" అన్నాడు. "వస్తున్నా."

ఆమె గుమ్మానికి అడ్డం నిలబడింది. బతిమాలింది. ఆ పిలిచింది నేను కాదు కదండీ అంది. ఎవరో చూసి వచ్చేస్తానని ఆయన నెమ్మదిగా ఆమె చెయ్యి తీసి పక్కన పెట్టాడు. స్కూటరు తీశాడు. వెళుతూ వెళుతూ చిన్న అద్దంలో తల దువ్వుకున్నాడు.

జడమ్మ తలుపు గడియ వేసింది. కిటికీలు మూసింది. ముందుగదిలో గోడకి ఆనుకుని కూర్చుంది. గంట గడిచింది. ఇంకా వెలుతురుంది, వీధిలో జనం తిరుగుతూనే ఉన్నారు.

స్కూటరు వచ్చి ఆగింది. స్టాండు వేసిన చప్పుడు. మేస్త్రి చెప్పుల చప్పుడు గుమ్మం దాకా వచ్చి ఆగింది. ఆయన తలుపు తట్టలేదు. ఎవరి కోసమో ఆగినట్టు నిలబడ్డాడు.

అప్పుడు, ఖాళీగా ఉండాల్సిన స్కూటరు వెనక సీటు స్ప్రింగులు, ఎవరో దిగినట్టు, కిర్రుమంటూ పైకి లేచాయి.